పిన్‌ఫైర్ రివాల్వర్ గారికి ఒక ఉత్తరం

మహారాజశ్రీ పిన్‌ఫైర్ రివాల్వర్ గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. కానీ మీ ఎదుట నిలబడ్డవాడికే కాదు, మీ తూటాలు జేబులో వేసుకున్నవాడి కుశలానికీ హామీ లేదు. అందుకని ఆ మాట వదిలేస్తున్నాను.

లోకంలో తూటాలన్నీ నున్నగా, బుద్ధిగా ఉంటాయి. మీ తూటాకు మాత్రం అడుగున పక్క నుంచి ఓ చిన్న మేకు పొడుచుకొచ్చి ఉంటుంది. పైనుంచి సుత్తి దాని నెత్తిన కొడితే అది లోపలికి దిగి, దెబ్బ తగిలితే నిప్పు రాజేసే క్యాప్‌ను నొక్కుతుంది, మందు అంటుకుంటుంది. బాగానే ఉంది. మరి చెయ్యి జారి ఆ తూటా మేకు మీద పడితే? అప్పుడు నేలే సుత్తి.

మళ్లీ ఆ మేకుల కోసం సిలిండర్ అంచున గాడులు. ప్రతి తూటానూ మేకు గాడిలో కుదిరేలా తిప్పి మరీ కూర్చోబెట్టాలి, పెళ్లికొడుకుని పీటల మీద కూర్చోబెట్టినట్టు.

ఫ్రెంచి తుపాకుల తయారీదారు, తండ్రి కాసిమిర్ లెఫోషో మొదలుపెట్టిన విద్యతో కొడుకు యూజీన్ మిమ్మల్ని తయారుచేస్తే, 1858లో ఫ్రెంచి నౌకాదళం ఏరి కోరి తీసుకుంది. నిజమే లెండి, అప్పటిదాకా మందు, గుండు, క్యాప్ విడివిడిగా నింపుకుంటూ చచ్చినవాళ్లకు మీరు దేవుడే. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యం కూడా మిమ్మల్ని వేల సంఖ్యలో కొన్నది.

మీ బెల్జియం చుట్టాల సంగతే నాకు అంతుపట్టదు. ట్రిగ్గర్ మడత, దానికి కాపలా కమ్మీ లేదు. ఇక అక్కడి తుపాకుల తయారీదారు డోల్న్ చేసిన ‘అపాష్’ రివాల్వర్ ఉందే, పిడి ముష్టియుద్ధానికి, పక్కన మడత కత్తి. అన్నీ అమర్చి గొట్టం మాత్రం మర్చిపోయారు!

1873లో బ్రస్సెల్స్‌లో ఫ్రెంచి కవి వెర్లేన్ మీలో ఒకరిని కొని, అదే రోజు గదిలో ఎదురుగా ఉన్న సాటి కవి రేంబో మీద రెండుసార్లు పేల్చాడు. ఒకటి మణికట్టుకు తగిలింది, రెండోది గురి తప్పింది. వెర్లేన్‌కు రెండేళ్ల జైలు. మీకు మాత్రం 2016లో పారిస్ వేలంలో 4,34,500 యూరోలు! గురి తప్పినందుకు ఇంత గిట్టుబాటు ఇంకే ఆయుధానికైనా ఉందా?

తర్వాత వచ్చినవాళ్లు ఆ మేకును తూటాకు కాకుండా తుపాకీకే తగిలించారు. ఇంత చిన్న సంగతి మీ ఇంట్లో ఎవరికీ తట్టలేదా అండీ?

ఇట్లు,
వేలంలో చెయ్యెత్తే స్తోమత లేని
మీ విధేయుడు

తా.క.: ఈ కాగితాలకు గుండుసూది గుచ్చలేదు. దారిలో పోస్ట్‌మ్యాన్ ఎక్కడైనా కింద పడేస్తాడేమోనని టెన్షన్.