ఇంజన్ ఫ్లష్ పాత ఇంజన్లను పాడుచేస్తుందన్న ప్రచారంలో నిజమెంత?

"లక్ష కిలోమీటర్లు దాటిన కారులో ఇంజన్ ఫ్లష్ పోయించవద్దు, పోయిస్తే సీళ్లు కరిగి ఆయిల్ కారుతుంది, ఆయిల్ పల్చబడి బేరింగులు అరిగిపోతాయి, ఊడిన మడ్డి అడ్డుపడి ఇంజన్ పట్టేస్తుంది" అన్న సందేశాన్ని చాలామంది నమ్మి పంచుకుంటున్నారు. ఇంజన్ ఫ్లష్ అంటే ఆయిల్ మార్చే ముందు పాత ఆయిల్‌లో కలిపి, ఇంజన్ లోపల పేరుకున్న మడ్డిని వదిలించే ద్రవం. ఇందులో నిజంగా భయపడవలసిన సంగతి ఒకటి ఉన్నా, దానికీ ఓడోమీటరు చూపించే అంకెకూ నేరుగా సంబంధం లేదు.

సీళ్లు కరుగుతాయన్న మాట నిలవదు. ఆయిల్ బయటికి కారకుండా ఆపే ఈ సీళ్లను నైట్రైల్, ఫ్లోరో రబ్బరు వంటి, ఖనిజ నూనెల్లో ఏళ్ల తరబడి నానినా తట్టుకునే పదార్థాలతోనే తయారుచేస్తారు. చాలా ఫ్లష్‌లలో ఉండేవి కిరోసిన్ జాతికి చెందిన తేలికపాటి ద్రావకాలు, డిటర్జెంట్లు. నాలుగైదు లీటర్ల పాత ఆయిల్‌లో 300 నుంచి 500 మిల్లీలీటర్ల మేర కలిసి, పది పదిహేను నిమిషాల్లో ఆయిల్‌తోపాటే బయటికి పోయే ద్రవం సీలును కరిగించలేదు. ఫ్లష్ తర్వాత లీకేజీ మొదలైందని చెప్పేవారు అబద్ధమాడుతున్నారని నేను అనను. ఏళ్ల వేడికి గట్టిపడి పగిలిన సీలు సందులో మడ్డి పేరుకుని ఉంటే, అది కరగగానే పాత పగులు బయటపడుతుంది. మార్చవలసింది ఆ సీలునే.

ఆయిల్ పల్చబడుతుందన్నది నిజమే. అందుకే ఫ్లష్ పోశాక బండిని కదపకుండా, ఐడిలింగ్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్‌ను ఊరికే నడవనిస్తూ) మాత్రమే ఉంచమని సీసా మీద రాస్తారు. ఐడిలింగ్‌లో బేరింగుల మీద భారం తక్కువ. ఆ సూచనను పక్కనపెట్టి రోజంతా నడిపినా, ఫ్లష్‌కు బదులు లీటర్ల కొద్దీ కిరోసిన్ పోసినా బేరింగులు దెబ్బతినవచ్చు.

అసలు ప్రమాదం మడ్డి దగ్గర ఉంది. ఊడిన పెళ్లలు ముందుగా చేరేది ఫిల్టర్‌కు కాదు, సంప్ (ఇంజన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) అడుగున ఆయిల్ పంపుకు ముందుండే స్ట్రెయినర్ జల్లెడకు. అది మూసుకుపోతే పంపుకు ఆయిల్ అందదు. జల్లెడ దాటిన సన్నని మడ్డితో ఫిల్టర్ నిండిపోతే దాని బైపాస్ వాల్వ్ తెరుచుకుని, వడకట్టని ఆయిల్ నేరుగా బేరింగులకు వెళుతుంది. అయితే సకాలంలో ఆయిల్ మార్చని ఇంజన్‌లో 40,000 కిలోమీటర్లకే ఇంత మడ్డి చేరవచ్చు. క్రమం తప్పకుండా మార్చిన ఇంజన్ 2 లక్షలు తిరిగినా లోపల శుభ్రంగా ఉండవచ్చు. కాబట్టి లక్ష అన్న హద్దు మొదటి ఇంజన్ యజమానికి లేని ధీమా ఇస్తుంది, రెండో ఇంజన్ యజమానిని అకారణంగా భయపెడుతుంది.

చూడవలసినది అంకెను కాదు, ఆయిల్ పోసే మూత కింద. ఇంజన్ చల్లారాక మూత తీసి టార్చి వేస్తే, లోపలి లోహం మీద తేనెరంగు పూత మాత్రమే కనిపించిన ఇంజన్‌కు ఫ్లష్‌తో ముప్పు చాలా తక్కువ, నిజానికి దాని అవసరమూ అంతంతే. వేలితో గీరితే నల్లటి గ్రీజులా ముద్దగా వచ్చేటట్లయితే ఫ్లష్ జోలికి పోకుండా, సంప్ దించి జల్లెడను చేత్తో శుభ్రం చేయించి, ఆపై రెండు మూడు సార్లు మామూలు గడువులో సగానికే ఆయిల్, ఫిల్టర్ మార్పించాలి. ఈ పని ఖర్చుతో కూడినదే, కానీ ఇంజన్ విప్పించడం కంటే చాలా తక్కువ.

ఆ సందేశం ప్రస్తావించని విషయం ఇంకొకటి ఉంది. టైమింగ్ బెల్టు ఆయిల్‌లోనే తిరిగే ఇంజన్లలో ద్రావకం బెల్టు రబ్బరును దెబ్బతీసే అవకాశం ఉన్నందున, తయారీదారు అనుమతిస్తే తప్ప ఎంత కొత్త ఇంజన్ అయినా ఫ్లష్ పోయకూడదు. ఇక ఏ ఇంజన్‌లోనైనా ఫ్లష్ పోశాక ఆయిల్ ప్రెషర్ లైటు ఒక్కసారి మినుకుమన్నా, కొత్త ఆయిల్ పోస్తే అదే సర్దుకుంటుందని ఎదురుచూడకుండా, వెంటనే ఇంజన్ ఆపి స్ట్రెయినర్ విప్పించాలి.