కళాకారుడికి బడిలో ఒక పీరియడ్

2024లో ఆరు నెలల తేడాలో తెలంగాణ ముగ్గురు పద్మశ్రీ కళాకారులను పోగొట్టుకుంది. జూన్‌లో సకిని రామచంద్రయ్య, అక్టోబరులో కనకరాజు, డిసెంబరులో దర్శనం మొగిలయ్య. మణుగూరు ప్రాంతానికి చెందిన కోయ డోలు కళాకారుడు రామచంద్రయ్య సమ్మక్క, సారలమ్మల చరిత్రను ఏ పుస్తకమూ చూడకుండా పాడేవారు. కనకరాజు మర్లవాయిలో గోండుల గుస్సాడీ నృత్యానికి గురువు. మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెర మీటుతూ పాలమూరు పండుగ సాయన్న కథ వినిపించేవారు. ముగ్గురికీ దేశం శాలువా కప్పింది, పతకం ఇచ్చింది. అలాంటి వారిని వారానికో గంట పిల్లల ముందు కూర్చోబెట్టి, ఆ గంటకు జీతం ఇచ్చే ఏర్పాటు మాత్రం మన బడుల్లో ఇప్పటికీ మామూలు సంగతి కాలేదు.

పిల్లలకు మన సంస్కృతి తెలియాలని అననివారు లేరు. ఆ మాట ఆచరణలో ఎక్కువ చోట్ల ఏటా ఒకసారి జరిగే వార్షికోత్సవం దగ్గరే ఆగిపోతోంది. అద్దెకు తెచ్చిన కిరీటాలు, రికార్డు మీద రెండు సినిమా పాటలు, ఫోటోలు, బహుమతులు. కృష్ణుడి వేషం వేసిన పిల్లాడిని రాయబారం ఎందుకు వెళ్లావని అడిగితే బిక్కమొహం వేస్తాడు. తప్పు పిల్లాడిది కాదు, నెల రోజులు నానా తంటాలు పడిన టీచరుదీ కాదు. కథ చెప్పుకోవడానికి టైంటేబుల్‌లో చోటు లేదు, అంతే. కథ, నాటకం, పాట ఏడాది పొడవునా బడి పనిలో భాగం కావాలి. వాటిని ఆ ప్రాంతంలో నిలబెట్టుకుంటూ వస్తున్న మనిషే వచ్చి నేర్పాలి. ఆ పనికి ఆయనకు డబ్బు ముట్టాలి. మేము కోరేది ఇదే.

దీనికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదని చెప్పడానికి ఏడు చేపల కథ చాలు. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్లి ఏడు చేపలు తెచ్చి ఎండబెడతారు. అందులో ఒక్కటి ఎండదు. ఎందుకు ఎండలేదంటే గడ్డిమేటు అడ్డమొచ్చిందంటుంది చేప. ఆవు మేయలేదంటుంది గడ్డిమేటు. పాలేరు మేపలేదంటుంది ఆవు. అవ్వ అన్నం పెట్టలేదంటాడు పాలేరు. పిల్లాడు ఏడ్చాడంటుంది అవ్వ. చీమ కుట్టిందంటాడు పిల్లాడు. చివరికి చీమను నిలదీస్తే, నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అని ఎదురు ప్రశ్న వేస్తుంది. దీన్ని రెండో తరగతి గదిలో ఆడించి చూడండి. కొడుకులు, చేపలు కలిపి పద్నాలుగు మంది. మిగిలిన వేషాలు చూసుకుంటే ఇరవై మందికి పైగా పని దొరుకుతుంది. తరగతిలో ఎవరూ ఖాళీగా కూర్చోరు. అందరికీ ఒకే తీరు ప్రశ్న, ఒకే తీరు జవాబు కాబట్టి మాట పెగలని పిల్లాడికీ, ఇంట్లో తెలుగు మాట్లాడని పిల్లకీ రెండోసారికే నోరు తిరుగుతుంది.

ఆట అయ్యాక చాలామంది టీచర్లు బోర్డు మీద ‘నీతి’ అని రాసి గీత గీస్తారు. అది ఆపాలని మా మనవి. తప్పెవరిదని పిల్లలనే అడగాలి. పాలేరుదే అంటుంది ఒక పిల్ల. అన్నం పెట్టకపోతే వాడేం చేస్తాడంటుంది ఇంకో పిల్ల. చీమ ఇల్లు పాడుచేసింది మనమే కదా అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఆ వాదన జరగనివ్వడమే పాఠం. ఈ కథ మీ ఇంట్లో ఎలా చెబుతారో అడిగి రమ్మని ఇంటిపని ఇస్తే ఇంకో తలుపు తెరుచుకుంటుంది. ఒకరింట్లో అవ్వ ఉన్నచోట ఇంకొకరింట్లో అమ్మ ఉంటుంది. ఒడిశా నుంచి ఇటుక బట్టీ పనికి వచ్చిన కుటుంబం పిల్ల తన నాయనమ్మ చెప్పిన వేరే కథ తెస్తుంది. తండా పిల్లాడు లంబాడీ పాట తెస్తాడు, ఉర్దూ మాట్లాడే ఇంటి పిల్ల ఇంకోటి. భారతదేశం ఎంత పెద్దదో పిల్లలకు అట్లాసు కన్నా ముందే పక్క బెంచీ నుంచి తెలుస్తుంది.

నాటకం దగ్గరికి వస్తే, మన పిల్లలకు తోలుబొమ్మలాటను మించిన బడి లేదని మా గట్టి నమ్మకం. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఈ కళ కుటుంబాల్లో వారసత్వంగా వస్తోంది. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మేక తోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, ఆరబెట్టి, పలచగా చేసి, బొమ్మ గీసి, ఉలితో చిన్న చిన్న రంధ్రాలు కొట్టి, రెండు వైపులా రంగులద్దుతారు. దీపం వెలుగు ఆ తోలులోంచి రంగులతో సహా తెర మీద పడుతుంది. కాళ్లూ చేతులూ కదిలేలా కీళ్ల దగ్గర ముడులు వేస్తారు. దేశంలోని తోలుబొమ్మల్లో మనవే చాలా పెద్దవి, కొన్ని మనిషంత ఎత్తుంటాయి. ఆడించేవారు తెర వెనుక బొమ్మను గుడ్డకు ఆనించి పట్టుకుని, పద్యం పాడుతూ, కాలితో చెక్క మీద తాళం వేస్తూ యుద్ధాలు చేయిస్తారు. ఒకప్పుడు రాత్రంతా రామాయణం ఆడిన కుటుంబాలు ఇప్పుడు బతుకుతెరువు కోసం ఎక్కువగా అదే తోలుతో దీపాలకు గొడుగులు, గోడకు తగిలించే బొమ్మలు చేసి అమ్ముతున్నాయి. వాటికి గిరాకీ ఉంది, సంతోషమే. కానీ ఆట చూసేవాళ్లు లేక పద్యాలు మరుగున పడుతున్నాయి.

బడిలో తోలు అక్కర్లేదు. అట్టముక్క, కత్తెర, దారం, వెదురు పుల్ల, ఒక తెల్ల పంచె, వెనుక సెల్‌ఫోన్ లైటు ఉంటే సరిపోతుంది. బొమ్మను తెరకు దూరంగా, లైటుకు దగ్గరగా జరిపితే నీడ పెద్దదై, అంచులు మసకబారతాయి. కాంతి పాఠం అక్కడే అయిపోతుంది. జటాయువు రెక్క తెగిపడాలంటే ముడి ఎక్కడ వేయాలో తేల్చుకోవడానికి బొమ్మ చేసిన పిల్లాడు గంటసేపు బుర్ర బద్దలుకొట్టుకుంటాడు. జనంలోకి రావాలంటే సిగ్గుపడే పిల్లలు తెర వెనుక నుంచి రావణుడి గొంతుతో గర్జిస్తారు. ఇది నేర్పడానికి నిమ్మలకుంట కళాకారుడు వారం రోజులు వచ్చి ఉంటే చాలు, టీచర్లు కూడా నేర్చుకుంటారు. ఈ ఆటలో నవ్వించే జంట కేతిగాడు, బంగారక్కల సరసాల్లో కొన్ని పెద్దల కోసం పుట్టినవి. పిల్లల ముందు ఏది ఆడాలి, ఏది వదలాలి అన్నది టీచరు, కళాకారుడు ముందే మాట్లాడుకుంటే ఆ ఇద్దరి హాస్యం పిల్లలకూ బాగానే అందుతుంది.

చిత్తూరు జిల్లా పల్లెల్లో ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర జరిగే భారతం ఉత్సవాలు చూసినవారికి ఈ చదువు ఎంత బలమైనదో వేరే చెప్పనక్కర్లేదు. రోజుల తరబడి మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధి నాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కుతాడు. చివరి రోజు మట్టితో చేసిన భారీ దుర్యోధనుడి దగ్గర వధ ఘట్టం. ఆ ఊరి పిల్లలు భారతాన్ని వింటారు, చూస్తారు, మర్నాడు వీధిలో కర్రలు పట్టుకుని మళ్లీ ఆడతారు. దాన్ని పరీక్షలో రాయమని ఎవరూ అడగరు, అయినా వాళ్లు మరిచిపోరు.

పాటకు వస్తే, పదమూడో శతాబ్దపు పాల్కురికి సోమన పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు అంటూ ఆనాటి జనం పాటలను పేర్కొన్నాడు. అంత పాత సొత్తు మనది. దసరాకు ముందు ఆడపిల్లలు బొడ్డెమ్మ చుట్టూ పాడే పాటలతో, బతుకమ్మకు పేర్చే తంగేడు, గునుగు పూలతో వృక్షశాస్త్రం మొదలుపెట్టవచ్చు. ఇంకాస్త పెద్ద పిల్లలకు బుర్రకథ సరిగ్గా సరిపోతుంది. తంబుర పట్టి కథ నడిపేవాడొకడు, పక్కన గుమ్మెటలతో వంత పాడేవారిద్దరు. ఒకరు హాస్యం చెబితే, ఇంకొకరు ఊరి సంగతులు, రాజకీయాలు ఎత్తుకుంటారు. ఈ కళను తెలుగునాట ఊరూరికీ తీసుకెళ్లిన షేక్ నాజర్ గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టారు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం చెప్పిన నోటితోనే బెంగాల్ కరువు కథ కూడా చెప్పారు. 1986లో పద్మశ్రీ అందుకున్నారు. ఎనిమిదో తరగతి పిల్లలకు ఆయన గురించి చెప్పి, తమ ఊరి చెరువు మీద ఒక బుర్రకథ కట్టమంటే కడతారు. చెరువు ఎవరు తవ్వించారో, ఎప్పుడు ఎండిందో తెలుసుకోవడానికి ముసలివాళ్ల అరుగుల చుట్టూ తిరుగుతారు. పల్నాటి కథలు చెప్పిన నాజర్ ముస్లిం అని తెలిసిన పిల్లవాడికి, పీర్ల పండుగలో హిందువులు అగ్నిగుండం చుట్టూ ఎందుకు ఆడతారో విడిగా వివరించనవసరం లేదు.

ఇబ్బందికరమైన సంగతి కూడా చెప్పుకోవాలి. మన కళల్లో చాలావాటికి కులం ముద్ర ఉంది. జాంబపురాణం ఆడే చిందు కళాకారులు, డప్పు కొట్టేవారు, ఒగ్గు కథ చెప్పేవారు, వీరి కళను ఊరు ఆస్వాదించింది గానీ అందరినీ సమానంగా కూర్చోబెట్టలేదు. జనగామ జిల్లాకు చెందిన గడ్డం సమ్మయ్యకు చిందు యక్షగానంలో చేసిన కృషికి 2024లో పద్మశ్రీ ఇచ్చారు. పతకంతో వచ్చే గౌరవం ఒక మనిషికే దక్కుతుంది. అదే కళాకారుడు బడికి గురువుగా వస్తే, ఆయన వాయిద్యం ముట్టుకోవడానికి పిల్లలు ఎగబడితే, ఊళ్లోని అన్ని కులాల పిల్లలూ ఆయన్ను సార్ అని పిలుస్తారు. సమానత్వం గురించి సాంఘికశాస్త్రంలో చదివే పేజీకి అప్పుడు అర్థం వస్తుంది. మేము ఈ ఏర్పాటు కోరడానికి మొదటి కారణం ఇదే.

ర్యాంకుల టెన్షన్‌లో ఉన్న తల్లిదండ్రులు ఇదంతా టైం వేస్ట్ అనుకోవచ్చు. అమెరికాలోని తెలుగు తల్లిదండ్రులను చూడమంటాం. అక్కడ 2007 నుంచి తెలుగు నేర్పుతున్న సిలికానాంధ్ర మనబడి లాంటి చోట్లకు పిల్లలను తీసుకెళ్లి, పద్యాలు పాడించి, నాటికలు వేయిస్తున్నారు. పరాయి దేశంలో భాష నిలబడాలంటే పాట, వేషం కావాలని వారు గ్రహించారు. మన గడ్డ మీద ఆ కళాకారులే నడిచి వచ్చేంత దూరంలో ఉన్నారు.

కాగితం మీద అడ్డేమీ లేదు. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలు పది రోజులు పుస్తకాల బ్యాగు లేకుండా వడ్రంగులు, కుమ్మరులు, కళాకారుల దగ్గర పని నేర్చుకోవాలని చెప్పింది. స్థానిక కళాకారులను బోధకులుగా తీసుకోవాలనీ చెప్పింది. బ్యాగు లేని శనివారం అన్న మాట మన రెండు రాష్ట్రాలకూ కొత్తది కాదు. కేంద్ర ప్రభుత్వం 1979లో పెట్టిన సీసీఆర్‌టీ (సాంస్కృతిక వనరుల, శిక్షణ కేంద్రం) టీచర్లకు ఇలాంటి బోధనలో శిక్షణ ఇస్తోంది, దాని ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. వృద్ధ కళాకారులకు రెండు ప్రభుత్వాలూ పెన్షన్ ఇస్తున్నాయి. అది ఉండాల్సిందే. దానితో పాటు, ఒంట్లో ఓపిక ఉన్నవారికి పని కూడా ఇవ్వాలి.

ఇప్పుడు చేయాల్సింది పెద్దదేమీ కాదు. ప్రతి మండలంలో కథ చెప్పేవారు, వేషం కట్టేవారు, వాయిద్యం వాయించేవారు ఎవరెవరున్నారో విద్యాశాఖ, సాంస్కృతిక శాఖ కలిసి వేసవి సెలవుల్లో ఒక జాబితా రాసుకోవాలి. పేరున్నవారినే కాకుండా, నాట్ల దగ్గర పాడే ఆడవాళ్లను, పొడుపు కథలు వేసే ముసలమ్మలను కూడా అందులో చేర్చాలి. గంటకింత అని గౌరవ వేతనం ఖరారు చేసి, నెల తిరిగేసరికి బ్యాంకు ఖాతాలో వేయాలి. బిల్లు కోసం కళాకారుడిని ఆఫీసుల చుట్టూ తిప్పితే రెండో నెల నుంచి ఆయన రాడు. ఏ తరగతికి ఎవరిని పిలవాలి, ఏ కథతో మొదలుపెట్టాలి అన్నది ఊళ్లో టీచర్లు, తల్లిదండ్రులు కూర్చుని తేల్చుకోగలరు. జూన్‌లో బడులు తెరిచేలోపు జిల్లా నుంచి వారికి అందాల్సినవి ఒక ఉత్తర్వు, కొంత నిధి.