గెలిచేవాళ్ళ మీద సుంకం వేసే సంతలో కొత్తవాడు

ప్రపంచంలో అతిపెద్ద బెట్టింగ్ ఎక్స్ఛేంజి బెట్‌ఫెయిర్ 2008లో ఒక విచిత్రమైన పని చేసింది. నిలకడగా గెలుస్తున్న ఖాతాదారులకు 'ప్రీమియం చార్జి' వడ్డించింది. వాళ్ళు అప్పటిదాకా కమీషన్‌గా కట్టింది మొత్తం లాభంలో 20 శాతానికి తగ్గితే, ఆ తేడా వసూలు చేయడం దాని ఉద్దేశం. 2011లో, మరీ బాగా గెలిచేవాళ్ళకు దాన్ని 60 శాతం దాకా పెంచింది. ఇది ఎందరిని తాకుతుందన్న ప్రశ్నకు కంపెనీ మొదట్లో ఇచ్చిన లెక్క ఖాతాదారుల్లో అర శాతం లోపు. ఎక్స్ఛేంజిలో ట్రేడింగ్ నేర్చుకుంటే ఇంట్లో కూర్చుని నెలనెలా ఇంత సంపాదించవచ్చని ఎవరు చెప్పినా నాకు ముందు గుర్తుకు వచ్చేది ఈ అర శాతమే.

ఎక్స్ఛేంజి సంగతి క్రికెట్ చూసేవారికి కొత్త కాదు కనుక క్లుప్తంగానే చెబుతాను. మామూలుగా మన పందేనికి ఎదురు నిలిచేది బుకీ. ఆండ్రూ బ్లాక్, ఎడ్వర్డ్ రే 2000లో బ్రిటన్‌లో మొదలుపెట్టిన బెట్‌ఫెయిర్‌లో ఎదురు నిలిచేది మనలాంటి మరో పందెగాడు. జట్టు గెలుస్తుందని కాస్తే 'బ్యాక్', గెలవదని కాస్తే 'లే'. మన బుకీలు లగాయీ, ఖాయీ అంటారు. మ్యాచ్ సాగుతుండగా రేటు, అంటే గెలిస్తే పౌండుకు అసలుతో కలిపి ఎంత తిరిగి వస్తుందో ఆ అంకె, బంతి బంతికీ మారుతుంది. ఎక్కువ రేటుకు బ్యాక్ చేసి, తగ్గాక లే చేస్తే ఎవరు గెలిచినా ఎంతో కొంత మిగులుతుంది. ముచ్చటైన ఏర్పాటే, కాదనను.

ఆ మిగులు ఎంతో లెక్క వేద్దాం. టీ20లో ఛేదనకు దిగిన జట్టు మీద రేటు 2.10 ఉండగా 10 పౌండ్లు బ్యాక్ చేశారనుకోండి. వరసగా రెండు ఫోర్లు పడి రేటు 2.00కి దిగింది. వెంటనే 10.50 పౌండ్లు లే చేశారు. జట్టు గెలిస్తే బ్యాక్ మీద 11 పౌండ్లు వచ్చి, లే మీద 10.50 పోతుంది. ఓడితే బ్యాక్ మీద 10 పోయి, లే మీద 10.50 వస్తుంది. ఎటు తిరిగినా అర పౌండు లాభం. 5 శాతం కమీషన్ పోగా 47.5 పెన్నీలు. పాఠాలు చెప్పేవారు సరిగ్గా ఇక్కడ ఆగి, తెర మీద రెండు వైపులా వెలిగే పచ్చ అంకెలను చూపిస్తారు.

మనం ఆగకుండా ఇంకొంచెం ముందుకు వెళ్దాం. ఫోర్లకు బదులు వికెట్ పడింది. రేటు ఒక్కసారిగా 2.60కి ఎగిరింది. ఇప్పుడు బయటపడాలంటే 8.08 పౌండ్లు లే చేయాలి. జట్టు గెలిచినా ఓడినా నష్టం పౌండు 92 పెన్నీలకు అటూ ఇటూగా ఉంటుంది. నాలుగుసార్లు అన్నీ కుదిరి సంపాదించింది ఒక్క వికెట్‌తో ఊడ్చుకుపోయింది. నాలుగు మంచి ట్రేడ్లకు ఒక వికెట్ చొప్పున మాత్రమే పడాలని క్రికెట్లో నిబంధన ఏదీ లేదు. పైగా కొత్తవాడు ఆ నష్టాన్ని అప్పటికప్పుడు ఒప్పుకోడు. 'తర్వాతి ఓవర్లో కోలుకుంటారులే' అని కూర్చుంటాడు. ఆ క్షణంతో అతని ట్రేడింగ్ ముగిసింది. చేతిలో మిగిలింది పాత పందెమే.

ఇక ఎదుటివాడు ఎవరు? అతను మైదానంలో ఉండవచ్చు. మన టీవీలోకి, ఫోనులోకి బొమ్మ కొన్ని సెకన్లు ఆలస్యంగా చేరుతుంది. స్టాండులో కూర్చున్నవాడికి వికెట్ పడ్డ క్షణంలోనే తెలుస్తుంది. 2014 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో కోర్టు పక్క నుంచి స్కోరు చేరవేస్తున్నాడని ఒక బ్రిటిష్ యువకుణ్ణి మెల్బోర్న్ పోలీసులు అరెస్టు చేశారు, ఆ తర్వాత కేసు ఎత్తివేశారు. 2021 ఐపీఎల్ సమయంలో ఢిల్లీ మైదానంలో ఒక పారిశుద్ధ్య కార్మికుడి ద్వారా బంతి బంతి సమాచారం బయటకు పంపే ప్రయత్నం జరిగిందని క్రికెట్ బోర్డు అవినీతి నిరోధక విభాగం అప్పట్లో చెప్పింది. నాలుగైదు సెకన్ల కోసం అంత సాహసం చేస్తున్నారంటే ఆ సెకన్ల విలువ ఎంతో ఊహించుకోవచ్చు. ఈ తేడాను పూడ్చడానికే మ్యాచ్ నడిచేటప్పుడు పందెం అంగీకరించడంలో ఎక్స్ఛేంజీలు కొన్ని సెకన్ల జాప్యం పెడతాయి. దాంతో తేడా కొంత తగ్గుతుందే కానీ పోదు.

లేదా ఎదుటివాడు అసలు మనిషే కాకపోవచ్చు. 2011 డిసెంబర్ 28న ఐర్లండ్‌లోని లెపర్డ్‌స్టౌన్‌లో క్రిస్మస్ హర్డిల్ పందెం జరిగింది. వోలేర్ లా వెడెట్ అనే గుర్రం గెలుపు దాదాపు ఖాయమై ముందు పరుగెడుతోంది. అయినా బెట్‌ఫెయిర్ తెర మీద అది గెలవదంటూ దాదాపు 28 రేటుకు 2.1 కోట్ల పౌండ్ల లే కనిపించింది. ఆ లెక్కన చెల్లించాల్సి వచ్చేది 50 కోట్ల పౌండ్లకు పైనే. ఒక ఖాతాలోని ఆటోమేటిక్ ప్రోగ్రాం గాడి తప్పడం, దాని పరిమితిని వ్యవస్థ పట్టుకోలేకపోవడం ఇందుకు కారణమని తేలింది. పందెం నడుస్తుండగా కుదిరిన బెట్లన్నిటినీ కంపెనీ రద్దు చేసింది. ఆ రేటు అందుకుని ఎగిరి గంతేసినవారు ఎంత మొత్తుకున్నా డబ్బు రాలేదు. నాకు ఇందులో ఆసక్తి రద్దు గురించి కాదు. 2011 నాటికే ఆ తెర వెనుక ప్రోగ్రాములు ఏ స్థాయిలో తిరుగుతున్నాయో ఆ ఒక్క పరుగు బయటపెట్టింది. ఇవాళ ఫోను పట్టుకుని మొదటి ట్రేడ్ చేయబోయేవాడు తలపడేది వాటి వారసులతో.

ఇప్పుడు మళ్ళీ ఆ సుంకం దగ్గరకు వద్దాం, నా వాదనకు ఆయువుపట్టు అదే. షేర్ మార్కెట్లో కంపెనీలు లాభాలు గడిస్తాయి, డివిడెండ్లు పంచుతాయి. అందరూ కొంత గెలిచే ఏళ్ళు కూడా ఉంటాయి. బెట్టింగ్ ఎక్స్ఛేంజిలో కొత్త డబ్బు పుట్టే మార్గం ఒక్కటీ లేదు. ఒకడి జేబులోంచి పౌండు పోతేనే ఇంకొకడి జేబులోకి వస్తుంది, మధ్యలో ఎక్స్ఛేంజి కమీషన్ కోసుకుంటుంది. అందరి ఖాతాలూ కలిపితే మొత్తం ఎప్పుడూ నష్టమే. అలాంటి చోట కొందరు ఏళ్ళ తరబడి గెలుస్తున్నారంటే, ఓడిపోయేవాళ్ళు ఏళ్ళ తరబడి వస్తూనే ఉండాలి. ఓడినవాళ్ళు విసిగి వెళ్ళిపోతే వాళ్ళ స్థానంలో కొత్తవాళ్ళను ప్రకటనలిచ్చి, బోనస్‌లిచ్చి తేవాలి. ఆ ఖర్చు ఎవరు భరించాలి? వాళ్ళ డబ్బుతో బాగుపడినవాళ్ళే భరించాలని బెట్‌ఫెయిర్ తేల్చిందనే నేను ఆ చార్జిని అర్థం చేసుకుంటాను. 2025 ఆరంభంలో దాని పేరు 'ఎక్స్‌పర్ట్ ఫీ'గా మారింది, శాతాలు కాస్త తగ్గాయి, సూత్రం మారలేదు. 'నేర్చుకుంటే అందరూ గెలవచ్చు' అనే ప్రచారానికి ఇంతకంటే గట్టి ఖండన ఏ విమర్శకుడూ రాయలేడు. ఎక్స్ఛేంజి తన రుసుముల పట్టికలో తానే రాసుకుంది.

ఎక్స్ఛేంజి సమర్థకుల మాటలో నిజం లేకపోలేదు. గెలిచేవాడి ఖాతాను మామూలు బుకీ మూసేస్తాడు లేదా పది రూపాయల పందేనికి పరిమితం చేస్తాడు, ఎక్స్ఛేంజి ఆ పని చేయదు. రేట్లు కూడా బుకీ కంటే మెరుగు. నైపుణ్యానికి విలువ ఉందనీ అంటారు, ఉంది కూడా. నిషేధం పూర్తిగా అమలు చేయలేనప్పుడు నియంత్రించడమే మార్గమని మన లా కమిషనే 2018 నాటి 276వ నివేదికలో చెప్పింది. ఒప్పుకుంటాను. కానీ నైపుణ్యం ఉన్న చోట కొత్తవాడికి దక్కేది ఏమిటి? నైపుణ్యం ఉన్నవాడి చేతిలో ఓటమి.

మన దగ్గరికి వచ్చేసరికి ఆ కాస్త మంచీ మిగలలేదు. 'ఎక్స్ఛేంజి' పేరుతో తెలుగు రాష్ట్రాల్లో తిరిగే సైట్లలో ఖాతా తెరవరు, వాట్సాప్‌లో ఏజెంటు ఐడీ ఇస్తాడు. డబ్బు యూపీఐ ద్వారా ఎవరిదో తెలియని ఖాతాకు పోతుంది, వారం తిరిగేసరికి ఆ ఖాతా నంబరు మారుతుంది. తెర మీద రేట్లు బెట్‌ఫెయిర్‌వే అయినట్టు నీలం, గులాబీ గడుల్లో కదులుతుంటాయి. కానీ అవతల ఇంకో పందెగాడు ఉన్నాడన్న భరోసా ఏదీ లేదు. చాలాసార్లు ఉన్నది ఆ సైట్‌ను తెర వెనుక నడిపేవాడే. పక్కనే ఫలానా ఓవర్లలో ఎన్ని పరుగులు వస్తాయన్నలాంటి ఫ్యాన్సీ, సెషన్ పందేలు ఉంటాయి. వాటిలో బయటపడడం ఇంకా కష్టం. గెలిచిన డబ్బు అడిగితే ఐడీ మూతపడుతుంది. ఎవరికి ఫిర్యాదు చేస్తారు? ఆంధ్రప్రదేశ్ 2020లో తెచ్చిన సవరణ ప్రకారం ఆన్‌లైన్‌లో పందెం ఆడినవాడికే ఆరు నెలల దాకా జైలు. తెలంగాణ 2017లోనే తలుపు మూసింది. 2025 ఆగస్టులో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ కేంద్ర చట్టం వచ్చింది. అన్నట్టు, ఆ చట్టం దెబ్బకు డబ్బుతో ఆడే ఆటలు ఆపేసిన జంగ్లీ రమ్మీ యజమాని ఎవరనుకున్నారు? బెట్‌ఫెయిర్‌ను నడిపే ఫ్లట్టర్ సంస్థే.

చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా మనవాళ్ళు ఈ పాఠాలకు ఎందుకు ఎగబడుతున్నారు? దురాశ అని సరిపెట్టుకోవడం సులువు. నాకు కనిపించే కారణం వేరే. మనకు కోచింగ్ మీద ఉన్న అచంచలమైన నమ్మకం. ఇంజనీరింగ్ సీటైనా, గ్రూప్స్ ఉద్యోగమైనా, అమెరికాలో ప్రాజెక్టైనా, సరైన చోట ఫీజు కట్టి, పద్ధతి ప్రకారం చదివి, రోజుకు ఇన్ని గంటలు కూర్చుంటే వస్తుందని మూడు తరాలుగా చూశాం. అమీర్‌పేట అంటే ఇప్పటికీ కిక్కిరిసిన మెట్లు, గోడల నిండా కోర్సుల పేర్లు. ఆ దారిలో ఎదిగిన కుటుంబం కొడుకు ఏది చూపించినా 'ఎక్కడ నేర్పుతారు?' అనే అడుగుతుంది. సంక్రాంతికి భీమవరం చుట్టుపక్కల బరిలో వేలు కాసేవాడు కూడా తాను పందెం కాస్తున్నానని ఒప్పుకుంటాడు. ఓడితే కోడిని తిట్టుకుని ఇంటికి పోతాడు. కోర్సు కొన్నవాడు మాత్రం ఓడిన ప్రతిసారీ తన క్రమశిక్షణలో లోపం వెతుక్కుంటాడు, ఇంకో కోర్సు కొంటాడు.

కోచింగ్ పనిచేసిన చోట్లకూ దీనికీ మధ్య తేడా గమనించాలి. ఇంజనీరింగ్ సీట్లు ప్రభుత్వం లెక్కగట్టి పెట్టింది, ఎవరు చదివినా చదవకపోయినా అవి అన్నే ఉంటాయి. జావా నేర్చుకున్నవాడి వల్ల పక్కవాడి జావా పనికిరాకుండా పోదు. ఎక్స్ఛేంజిలో కిటుకు పదిమందికి తెలిసిన రోజే దాని విలువ పోతుంది. రేటు 2.10 నుంచి 2.00కి దిగే ముందు పసిగట్టే పద్ధతి నిజంగా ఎవరికైనా దొరికితే, అతను దాన్ని కొన్ని వేల రూపాయలకు వందమందికి అమ్మడు. అమ్ముతున్నాడంటే అతనికి తెర మీది ధర కంటే ఫీజు నమ్మకమైన ఆదాయం అని అర్థం. దాని కింద ఇంకో పొర కూడా ఉంటుంది. చాలా బెట్టింగ్ సంస్థల అఫిలియేట్ ఒప్పందాల్లో, ఖాతాదారుణ్ణి చేర్పించినవాడికి దక్కేది అతను పోగొట్టుకున్న దానిలో వాటా. 'వివరణలో లింకు ఉంది, అక్కడ ఖాతా తెరవండి' అనే గురువుగారి ఆదాయం శిష్యుడి ఓటమి మీద ఆధారపడితే అతను ఏ పాఠం చెబుతాడు?

షేర్ మార్కెట్ విషయంలో ఈ ప్రశ్న మనదేశంలో ఆలస్యంగానైనా అడిగారు. 2022 నుంచి 2024 ఆర్థిక సంవత్సరాల మధ్య ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం నష్టపోయారని, ఆ నష్టం మొత్తం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటిందని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబర్‌లో వెల్లడించింది. 2025 జనవరిలో, విద్య పేరుతో పాఠాలు చెప్పేవాళ్ళు గత మూడు నెలల ధరలు వాడకూడదని కట్టడి పెట్టింది. ఆడిట్లు, నియంత్రణ, నిజమైన కంపెనీలు ఉన్న మార్కెట్లో సంగతి అది. బెట్టింగ్ పాఠాలకు అలాంటి కాపలా ఏదీ లేదు. ఏదైనా జరుగుతుందా లేదా అన్నదాని మీద డబ్బు పెట్టే 'ఓపీనియన్ ట్రేడింగ్' తన పరిధిలోకే రాదని సెబీ 2025 ఏప్రిల్‌లో చేతులు దులుపుకుంది.

2025 మార్చిలో హైదరాబాద్ పంజాగుట్ట, మియాపూర్ పోలీస్ స్టేషన్లలో బెట్టింగ్ యాప్‌లను ప్రచారం చేసిన సినీ తారల మీద, సోషల్ మీడియా ప్రముఖుల మీద కేసులు నమోదయ్యాయి. మంచిదే, పేరున్నవాళ్ళు కాబట్టి పత్రికల్లో బాగా వచ్చింది. కానీ తార ఒక్కసారి 'ఆడండి' అని నవ్వి వెళ్ళిపోతుంది. కోర్సు అమ్మేవాడు నెలల తరబడి కుర్రవాడి చెయ్యి పట్టుకుని ఆడిస్తాడు. కేంద్ర చట్టం ప్రకారం డబ్బు ఆటలను ప్రచారం చేస్తే రెండేళ్ళ దాకా జైలు, 50 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. 'ఇది విద్య కోసం మాత్రమే' అని వీడియో మొదట్లో ఒక వాక్యం అతికించినంత మాత్రాన కింద లింకు పెట్టినవాడు ఆ సెక్షన్ నుంచి తప్పించుకోకూడదు. పోలీసులు ముందు తెరవాల్సింది తారల ఒప్పంద పత్రాలు కావు, ఆ లింకు ద్వారా గురువు ఖాతాకు ఏ నెల ఎంత చేరిందో చెప్పే బ్యాంకు స్టేట్‌మెంట్లు.