పాత వెంబ్లీ గురించి రాస్తూ హాకీని వదిలేశారేం?

లండన్‌లో కూల్చేసిన పాత వెంబ్లీ స్టేడియం మీద వ్యాసం బాగుంది, కానీ అంతా 1966 ఫుట్‌బాల్ వరల్డ్ కప్ ఫైనల్ చుట్టూనే తిరిగింది. అసలు మజా 1923లో ఉందండీ. అక్కడ జరిగిన మొదటి మ్యాచే ఎఫ్.ఏ. కప్ (ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బుల టోర్నీ) ఫైనల్, అందరూ టికెట్లు ముందే కొనాలన్న నిబంధన పెట్టలేదు, లెక్కకు వచ్చింది 1,26,047 మంది అయితే గోడలు దూకి, గేట్లు తోసుకుని వచ్చినవాళ్లు ఇంకెందరో, చివరికి జనం గ్రౌండ్‌లోకే వచ్చి నిలబడ్డారు. మేడారంలో గద్దెల దగ్గర తోపులాట చూసిన మన వరంగల్ వాళ్లకు ఇది ఊహించుకోవడం కష్టమేం కాదు. గుర్రాల మీద పోలీసులు వచ్చి గీత బయటికి నెట్టాక, ముప్పావుగంట ఆలస్యంగా ఆట మొదలైంది. బోల్టన్ జట్టు 2-0తో గెలిచింది. కానీ జనానికి గుర్తుండిపోయింది ఆ పోలీసు గుర్రాల్లో ఒకటైన బిల్లీయే, ఇప్పుడు కొత్త స్టేడియం దగ్గరి వంతెనకు దాని గుర్తుగానే పేరు పెట్టారు!

పాత స్టేడియం ముందున్న ఆ జంట బురుజులకు వారసత్వ కట్టడాలుగా రక్షణ ఉన్నా 2003లో పడగొట్టారు. ఇక్కడ మన సెంట్రల్ జైలును 2021లో ఆసుపత్రి కోసం కూల్చారు, దానికి కనీసం ఒక కారణం కనిపిస్తుంది. బురుజులను మాత్రం ఉంచాల్సింది అనే నేనంటాను.

ఇంతకీ 1948 ఒలింపిక్స్ హాకీ ఫైనల్ కూడా వెంబ్లీలోనే. స్వాతంత్ర్యం వచ్చి ఇంకా ఏడాది నిండలేదు, మనవాళ్లు బ్రిటన్‌ను దాని గడ్డ మీదే 4-0తో ఓడించారు, అందులో రెండు గోల్స్ బల్బీర్ సింగ్‌వి. దీని మీద విడిగా ఒక వ్యాసం రాయండి సార్.