మేనల్లుడు డౌన్‌హిల్ సైకిలు అడిగితే

పోయిన బతుకమ్మ పండుగకు హనుమకొండ వెళ్లినప్పుడు, ఒకరోజు తెల్లవారకముందే అక్క కొడుకు నన్ను లేపి దేవునూరు గుట్టల దిక్కు తీసుకుపోయాడు. వాడిది ముందు మాత్రమే షాకబ్జర్ ఉన్న సైకిలు. నాకు స్నేహితుడిది అడిగి తెచ్చాడు. ఎక్కేటప్పుడు వాడు నాకంటే చాలా ముందున్నాడు. దిగేటప్పుడు మాత్రం సగం దారిలో ఆగి చేతివేళ్లు విదిలించుకున్నాడు. తీగతో లాగే బ్రేకులు, నొక్కి నొక్కి వేళ్లు పట్టేశాయి. ముందరి ఫోర్కు రాయి తగలగానే లోపలికి పోతుంది, పోయినంత జోరుగా తిరిగి తన్నుతుంది.

కిందికొచ్చాక అడిగాడు: "మామా, ఈసారి వచ్చేటప్పుడు డౌన్‌హిల్ సైకిల్ తెస్తవా? రెండు దిక్కుల షాకప్స్ ఉన్నది."

నేను ఉండేది డెన్వర్ దగ్గర. ఎండాకాలంలో వింటర్ పార్కు అనే కొండల రిసార్టులో అలాంటి సైకిళ్లు కిరాయికి తీసుకుని తొక్కుతాను. అవంటే నాకు ఇష్టం. అయినా వాడికి వద్దనే చెప్పాను. ఇక్కడి మన తెలుగువాళ్ల సంఘంలో ఇంకా కొందరికి ఇంటి పిల్లల నుంచి ఇదే కోరిక వచ్చిందని విన్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

డౌన్‌హిల్ సైకిలు దిగడానికే పుట్టింది. ముందూ వెనకా దాదాపు 200 మిల్లీమీటర్ల కదలిక (అంటే షాకు కుంగినప్పుడు చక్రం కదిలే దూరం), హ్యాండిల్ దగ్గర రెండు పట్టీలతో బిగించిన మోటార్‌సైకిల్ లాంటి ఫోర్కు, పదహారు పదిహేడు కిలోల బరువు. సీటు కిందికే ఉంటుంది. వెనక ఏడు గేర్లే ఉంటాయి, అందులో పెద్ద పళ్లచక్రం కూడా చిన్నదే. కూర్చుని ఎత్తు తొక్కడం కుదరదు. వింటర్ పార్కులో కుదరాల్సిన అవసరం కూడా లేదు, లిఫ్టు మనిషినీ సైకిలునూ కొండమీదికి చేరుస్తుంది. దేవునూరులో లిఫ్టు ఏది? ప్రతిసారీ ట్రాలీ ఆటో మాట్లాడుకోవాలి, లేదా నెట్టుకుంటూ ఎక్కాలి. ఒకటి రెండు నిమిషాల దిగుడు కోసం అరగంట నెట్టేవాడు నెల తర్వాత ఆ సైకిలును మేడమీద పెడతాడు.

ఇంకో సంగతి ఉంది. అంత కదలిక పెద్ద వేగానికీ, ఎత్తునుంచి దూకడానికీ సరిపోయేలా చేసింది. మన గుట్టల మీద దారి చిన్నది, మలుపులు ఇరుకు. బండరాళ్ల మధ్య నెమ్మదిగా దూరి పోవాలి. డౌన్‌హిల్ సైకిలుకు ఫోర్కు కోణం 63 డిగ్రీల దగ్గర ఉంటుంది, ముందు చక్రం చాలా దూరం చాచి ఉంటుంది. వేగంలో అది ధైర్యమిస్తుంది. నెమ్మదిగా పోతే చక్రం పక్కకు వాలిపోతుంటుంది. పైగా చాలా వాటికి వెనక ఇనుప స్ప్రింగు ఉంటుంది. దాన్ని మనిషి బరువును బట్టి మార్చుకోవాలి. మావాడు 58 కిలోలు. వాడికంటే బరువైన మనిషికి సరిపోయే స్ప్రింగుతో వస్తే, కొన్న కదలిక అంతా వాడికి దక్కదు.

మరి ఏం కొనాలి? రెండు వైపులా 130, 140 మిల్లీమీటర్ల కదలిక ఉన్న ట్రెయిల్ సైకిలు. పన్నెండు గేర్లు, వెనక యాభై పళ్లకు పైనున్న పెద్ద చక్రం, మీట నొక్కితే కిందికి దిగే సీటు. ఇది ఎక్కుతుంది, దిగుతుంది. షాకులు గాలివైతే ఇంకా మంచిది. 58 కిలోలకైనా, వాడు తిని 70 అయినా గాలి ఎక్కించి సరిచేసుకోవచ్చు. ఎక్కి నిలబడితే వెనక షాకు తన కదలికలో పావువంతు నుంచి 30 శాతం దాకా కుంగాలి, అదే కొలత. అయితే మామూలు పంపు పనికిరాదు, షాకుల పంపు వేరే కొనాలి.

టైర్ల విషయంలో నేను గట్టిగా చెబుతాను. మన దగ్గర మొరం గోలీల్లా జారుతుంది, సర్కారు తుమ్మ ముల్లు దేంట్లోకైనా దిగుతుంది. ట్యూబు లేని టైర్లు, లోపల సీలెంటు (చిల్లు పడితే పూడ్చే ద్రవం) తప్పనిసరి. మన ఎండలకు అది తొందరగా ఆరిపోతుంది కాబట్టి రెండు మూడు నెలలకోసారి పోసుకోవాలి.

బ్రేకులు నూనెతో పనిచేసేవి, నాలుగు పిస్టన్లవి తీసుకోండి. ఇక్కడ అందరూ మినరల్ ఆయిల్ రకమే మేలంటారు. వరంగల్‌కు నా లెక్క వేరు. రెండో రకంలో పోసే డాట్ ద్రవం, అంటే మోటార్‌సైకిల్ బ్రేకుల్లో పోసేది, ఏ మోటార్‌సైకిల్ సామాన్ల దుకాణంలోనైనా దొరుకుతుంది. చర్మానికీ రంగుకూ తగలకుండా చూసుకోవాలి, రెండు రకాలనూ ఎప్పుడూ కలపకూడదు. ఫోర్కు కింది గొట్టాలు దాదాపు యాభై గంటల సవారీకోసారి విప్పి, తుడిచి, నూనె మార్చాలి. మన దుమ్ముకు ఇంకా ముందే. అందుకే సీళ్లు రెండు జతలు ఇక్కడి నుంచే పెట్టుకుపోండి.

పోటీలంటే ఆశ ఉన్న పిల్లలకూ ఇదే చెబుతాను. ఒలింపిక్స్‌లో 1996 నుంచి ఉన్నది క్రాస్ కంట్రీ, అంటే ఎక్కుడు కూడా ఉండే పందెం. డౌన్‌హిల్ అక్కడ లేదు.

ఎక్కడ తొక్కకూడదో కూడా పిల్లలతో మాట్లాడండి. పద్మాక్షి గుట్ట రాతిమీద జైన శిల్పాలున్నాయి, పాండవుల గుట్టల్లో ఆదిమానవుల రంగుబొమ్మలున్నాయి. అక్కడ ఏ సైకిలూ దిగకూడదు. అడవిలోకైతే అటవీశాఖను అడిగే పోవాలి.

వాడు రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. మూడోరోజు ఫోనులో, "140 అంటే ముందుకా, వెనకకా?" అని అడిగాడు. డిసెంబరులో వస్తున్నాను. ట్రెయిల్ సైకిలును విమానానికి పెట్టెతో కలిపి 23 కిలోలు దాటకుండా సర్దుతున్నాను. ముఖమంతా కప్పే హెల్మెట్, మోకాలి ప్యాడ్లు, షాకుల పంపు వేరే సంచిలో పెట్టాను. మొదటి రోజు గుట్టకు పోము. అక్క వాళ్ల వాకిట్లో వాణ్ని సైకిలెక్కించి, గోడ పట్టుకుని నిలబడమని, ఎంత కుంగుతుందో టేపు పెట్టి కొలుస్తాను.