ఎక్స్-రేలో లిగమెంట్ కనిపించిందా మహానుభావా?

పొద్దున్నే పరిహారం కేసు కోసం ఓ డాక్టరు రాసిన డిసేబిలిటీ సర్టిఫికెట్ కంటబడింది. ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. 2023 నాటి ప్రమాదం, సెంట్రింగ్ పనిలో పరంజా మీంచి పడ్డ మనిషి, ఎమ్మారైలో ఏసీఎల్ (మోకాలి ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంట్) పూర్తిగా తెగినట్టు ఉంది. సర్టిఫికెట్‌లో ఉన్నది ఒకటిన్నర లైను: "ఎక్స్-రే నార్మల్. కుడి కాలు 20 శాతం." సంతకం మాత్రం పావు పేజీ.

ఎక్స్-రేలో కనపడేది ఎముక స్వామీ! ఆ లిగమెంట్ పట్టు చూసే లాక్‌మన్ టెస్టు ఏదీ? మోకాలు 20-30 డిగ్రీలు వంచి, తొడ కదలకుండా పట్టుకుని, కింది ఎముకను ముందుకు లాగి, బాగున్న కాలికంటే ఎన్ని మిల్లీమీటర్లు ఎక్కువ జరిగిందో రాయాలి. దెబ్బ తగిలిన రోజు నొప్పికి కండరాలు బిగుసుకుపోయి ఈ టెస్టు మోసం చేస్తుంది, వాపు తగ్గాక మళ్లీ చేయాలి. చిప్పకు 15 సెంటీమీటర్ల పైన రెండు తొడల చుట్టుకొలత కూడా కావాలి. టేపు లేకపోతే వీధి చివర దర్జీని అడగండి, ఇస్తాడు.

మొదటిరోజు కేస్ షీట్‌లో "గంటల్లోనే మోకాలు ఉబ్బింది" అన్న ముక్క లేకపోతే ఇన్సూరెన్సు లాయరుకి పండగే. "పాత దెబ్బండీ" అనేస్తాడు.

ఇక ఆ 20 శాతం. అది కాలికి వేసిన అంకె, కూలికి కాదు! ఇతను పడ్డనాడు అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం షెడ్యూల్‌లో వేలు తెగితే ఎంతో ఉండేది, లిగమెంట్ మాటే లేదు. అలాంటప్పుడు సంపాదించే శక్తి ఎంత పోయిందో డాక్టరే తేల్చాలనేది ఆ చట్టం. కుర్చీలో కూర్చునే గుమస్తాకి ఏసీఎల్ తెగినా జీతం ఆగదు. ఇతను భుజాన బరువుతో పక్కకి తిరిగితే మోకాలు పట్టు తప్పుతుంది. అదీ రెండో అంతస్తులో.

వయసు 30, జీతం 15,000. అందులో 60 శాతం 9,000, దాన్ని ఆ వయసుకి చట్టం ఇచ్చిన గుణకం 207.98తో గుణిస్తే 18,71,820. సంపాదించే శక్తి 20 శాతం పోయిందంటే 3,74,364, అదే 60 శాతం పోయిందని రాస్తే 11,23,092. ఆ రాయని లైన్ల ఖరీదు ఏడున్నర లక్షలు!

అసలు ఆ 15,000 ఏంటి? రోజుకు వెయ్యి చొప్పున 26 రోజులు చేసినా లెక్కలోకి వచ్చేది అంతే. లెక్కకి తీసుకునే జీతానికి 2020 జనవరిలో గీసిన గీత అది, ఇతను పడ్డనాడు అదే అమల్లో ఉంది. దానికీ మస్టర్ రోల్ (కూలీల హాజరు పట్టీ) చూపించమంటే కాంట్రాక్టరు "ఇతనెవరో నాకు తెలీదు" అంటాడు. పడ్డరోజు ఆటో ఎక్కించి ఆసుపత్రికి పంపింది మరి ఎవరో!