తుపాకీ ‘పోయింది’ అంటే సరిపోదు

2015 జూన్ 27న శాన్‌ఫ్రాన్సిస్కోలో రోడ్డు పక్కన ఆపిన ఓ కారు అద్దం పగలగొట్టి ఎవరో బ్యాగు ఎత్తుకెళ్లారు. కారు యజమాని మామూలు ఉద్యోగి కాదు. అమెరికా ప్రభుత్వ భూముల నిర్వహణ సంస్థలో రేంజర్, అంటే చట్టాన్ని అమలు చేసే అధికారి. ఆ బ్యాగులో తూటాలు నింపిన పిస్టల్ ఉంది. నాలుగు రోజుల తర్వాత, జులై 1 సాయంత్రం, సముద్రం ఒడ్డున పియర్ 14 మీద తండ్రితో కలిసి నడుస్తున్న 32 ఏళ్ల యువతి వీపులోకి అదే పిస్టల్ నుంచి వచ్చిన బుల్లెట్ దూసుకెళ్లింది. ఆమె బతకలేదు.

ఆ తర్వాతి కథ చాలామందికి తెలిసిందే. పిస్టల్ పట్టుకున్న వ్యక్తి అక్రమ వలసదారు. అప్పటికే ఐదుసార్లు దేశం నుంచి పంపేసినవాడు. దాంతో మొత్తం చర్చ వలసల మీదికి మళ్లింది. 2016 అధ్యక్ష ఎన్నికల ప్రచారంలో ఆ యువతి పేరు మార్మోగింది. ఆమె పేరుతో బిల్లు కూడా వచ్చింది. 2017లో జ్యూరీ ఆ వ్యక్తిని హత్యానేరం నుంచి విడుదల చేస్తే మళ్లీ మంటలు లేచాయి. రెండేళ్లకు పైగా ఒక దేశం ఆ మనిషి సరిహద్దు ఎలా దాటాడని అడుగుతూనే ఉంది. పిస్టల్ కారు ఎలా దాటిందని అడిగినవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

కూతుర్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు అడిగారు. ప్రభుత్వం మీద దావా వేశారు. అప్పీళ్ల కోర్టు 2021లో చివరికి తేల్చిందేమిటంటే, రేంజర్ తుపాకీని కారులో వదిలేయడానికీ ఆమె చావుకీ మధ్య సంబంధం చాలా దూరమైనదట. మధ్యలో ఒకరు దొంగిలించారు, ఇంకొకరి చేతికి చిక్కింది, అది పేలింది, ఇన్ని జరిగాయి కాబట్టి మొదటి మనిషి నిర్లక్ష్యం లెక్కలోకి రాదు.

ఈ తర్కాన్ని నేను ఒప్పుకోలేను. కారులో కనిపించేలా బ్యాగు పెడితే అద్దం పగులుతుందన్నది ఆ నగరంలో చిన్నపిల్లలకీ తెలుసు. దొంగిలించిన తుపాకీ పూజగదిలోకి చేరదు, నేరం చేసేవాడి చేతికే చేరుతుంది. ఇందులో ఊహకు అందనిది ఏముంది? దూరం నాలుగు రోజులు, కొన్ని వీధులు. అంతే.

పోలీసు రిపోర్టుల్లో ఇలాంటి ఘటనలన్నీ ఒకే వాక్యంగా మారిపోతాయి: తుపాకీ పోయింది. మన భాషలో ఈ క్రియకు ఒక సౌలభ్యం ఉంది. వస్తువు తనంతట తానే పోతుంది, పోగొట్టినవాడు వాక్యంలో కనిపించడు. చెప్పుల జత పోయిందన్నా, గొడుగు పోయిందన్నా పర్వాలేదు. ప్రాణం తీసే వస్తువు విషయంలో ఆ కర్తను మళ్లీ వాక్యంలోకి తీసుకురావాలి. ఎవరు పోగొట్టారు? ఎక్కడ పెట్టారు? తాళం ఉందా? ఎప్పుడు చెప్పారు?

కొన్ని లెక్కలు చూడండి. అమెరికా ఆయుధ నియంత్రణ సంస్థ ఏటీఎఫ్ ప్రకారం 2017 నుంచి 2021 వరకు ఐదేళ్లలో చోరీ అయినట్టు నమోదైన తుపాకులు 10 లక్షలకు పైమాటే. అందులో 95 శాతానికి పైగా ప్రైవేటు వ్యక్తుల దగ్గర్నుంచి పోయినవి. షాపుల నుంచి పోయినవి చాలా తక్కువ. ఇవి నమోదైనవి మాత్రమే. ఎందుకంటే తుపాకుల డీలర్ దగ్గర ఒక్క పిస్టల్ మాయమైనా 48 గంటల్లో చెప్పాలని అక్కడి కేంద్ర చట్టం ఉంది. ఇంటి యజమానికి అలాంటి నిబంధన కేంద్ర చట్టంలో లేదు. కొన్ని రాష్ట్రాలు పెట్టుకున్నాయి, చాలా రాష్ట్రాలు పెట్టుకోలేదు. అమ్మినవాడికి ఉన్న బాధ్యత కొన్న మరుక్షణం ఆవిరైపోతోంది.

చోరీలు ఎక్కడ జరుగుతున్నాయన్నది ఇంకా ముఖ్యం. ఎఫ్‌బీఐకి వచ్చిన వివరాలను ఎవ్రీటౌన్ అనే సంస్థ విశ్లేషిస్తే, 2022లో 300కు పైగా నగరాల్లో జరిగిన తుపాకుల చోరీల్లో సగానికి పైగా కార్లలోంచే. పదేళ్ల కింద ఈ వాటా పావు వంతు కూడా లేదు. కారణం కనుక్కోవడం కష్టం కాదు. తుపాకీ వెంట తీసుకెళ్లడం చాలా రాష్ట్రాల్లో తేలికైంది, పర్మిట్ కూడా అక్కర్లేని రాష్ట్రాలు సగానికి పైగా ఉన్నాయి. కానీ కోర్టులోకి, స్కూల్లోకి, చాలా ఆఫీసుల్లోకి, స్టేడియంలోకి తీసుకెళ్లనివ్వరు. అక్కడిదాకా వచ్చినవాడు ఏం చేస్తాడు? డాష్‌బోర్డు అరలో పెట్టి, లేదా సీటు కింద తోసి లోపలికి వెళ్తాడు. ఆ రెండు గంటలూ ఆ కారే ఆయుధాగారం. దానికున్న కాపలా ఒక అద్దం ముక్క. పెద్ద మ్యాచ్ జరిగే రోజున స్టేడియం పార్కింగ్‌లో ఎన్ని ఆయుధాగారాలుంటాయో దొంగలకు తెలుసు. కారు వెనక తుపాకీ కంపెనీ స్టిక్కర్ అంటించుకున్నవాళ్లు ఆ సంగతి వాళ్లకు ముందే చెప్పేస్తున్నారు.

ఇంకో విషయం సరిగ్గా అర్థం చేసుకోవాలి. ఇంట్లో విడిభాగాలతో కూర్చుకునేవి, త్రీడీ ప్రింటర్ మీద చేసుకునేవి కొన్ని వస్తున్నా, నేరాల్లో దొరికే తుపాకుల్లో ఎక్కువ భాగం మంచి కంపెనీలో తయారై, బిల్లుతో, సీరియల్ నంబర్‌తో, చట్టప్రకారం అమ్ముడైనవే. చట్టంలో ఉన్న తుపాకీ చట్టం బయటికి వెళ్లే దారుల్లో పెద్దది చోరీ. నేరం జరిగాక సీరియల్ నంబర్ పట్టుకుని పోలీసులు వెతికితే దారి మొదటి కొనుగోలుదారు దగ్గర ఆగిపోతుంది. ఆయన అంటాడు: ‘అదా, ఎప్పుడో పోయింది.’ నిజంగా పోయిందో, అమ్ముకుని పోయిందంటున్నాడో తేల్చే మార్గం లేదు. చోరీని వెంటనే చెప్పాలన్న నిబంధన ఉంటే ఈ మాట చెల్లదు. నిజాయతీపరుడైన యజమానికి ఆ నిబంధనతో వచ్చే కష్టం ఒక ఫోన్ కాల్.

ఎదుటివాదం లేకపోలేదు. దొంగ చేసిన తప్పుకు దొంగతనానికి గురైనవాడిని శిక్షించడం ఏం న్యాయం అంటారు. అర్ధరాత్రి ఇంట్లోకి ఎవరో చొరబడితే తాళాలు వెతుక్కుంటూ కూర్చోవాలా అంటారు. రెండోది బరువైన మాటే. 2008లో అమెరికా సుప్రీంకోర్టు కూడా ఇంట్లోని తుపాకీని ఎప్పుడూ విప్పేసో, ట్రిగ్గర్‌కు తాళం వేసో ఉంచాలన్న వాషింగ్టన్ నగర చట్టాన్ని కొట్టేసింది. అయితే ఈ కాలంలో వేలిముద్రతోనో, నాలుగు బటన్లతోనో రెండు మూడు సెకన్లలో తెరుచుకునే చిన్న సేఫ్‌లు మంచం పక్కనే పెట్టుకోవచ్చు. పైగా యజమాని ఇంట్లో లేనప్పుడు, పార్కింగ్‌లో వదిలేసిన కారులో ఉన్నప్పుడు, ఆ తుపాకీ ఎవరి ప్రాణాన్ని కాపాడుతోంది? ఇక మొదటి మాటకు జవాబు, ఇక్కడ అడుగుతున్నది దొంగ నేరానికి శిక్ష కాదు. తాళం వేయని నేరానికి.

జర్మనీలో విన్నెండెన్ అనే ఊరి అనుభవం ఈ వాదాన్ని పూర్తిగా ముగించాల్సింది. 2009 మార్చి 11న 17 ఏళ్ల కుర్రాడు తన పాత స్కూల్లో మొదలుపెట్టి 15 మందిని చంపి, తనను తాను కాల్చుకున్నాడు. తండ్రి షూటింగ్ క్లబ్ సభ్యుడు. ఇంట్లో చాలా తుపాకులున్నాయి. అన్నీ లైసెన్స్ ఉన్నవే, మిగతావన్నీ ఉక్కు సేఫ్‌లోనే ఉన్నాయి. పడకగదిలో బయట ఉంచింది ఒక్కటే, ఒక బెరెట్టా పిస్టల్. ఆత్మరక్షణకు చేతికి అందేలా పెట్టుకున్న ఆ ఒక్కటే కొడుకు చేతికీ అందింది. కోర్టు ఆ తండ్రిని నిర్లక్ష్యంతో మరణాలకు కారణమైన నేరం కింద దోషిగా తేల్చింది, జైలుశిక్షను సస్పెండ్ చేసింది. ఆ ఏడాదే చట్టం మార్చి, తుపాకులు ఎలా దాచారో చూడటానికి అధికారులు చెప్పకుండా తనిఖీకి రావచ్చని రాసుకున్నారు. జపాన్‌లో అయితే తుపాకీ వేరే, తూటాలు వేరే తాళం కింద ఉండాలి, ఏటా పోలీసులు చూసి వెళ్తారు. అక్కడ వేటగాళ్లు లేరా? క్రీడాకారులు లేరా? ఉన్నారు. తాళం వల్ల వాళ్ల ఆట ఆగిపోలేదు.

అమెరికా కూడా ఈ దారిలో ఒక అడుగు వేసింది. స్కూళ్లలో జరిగిన దాడుల మీద అక్కడి సీక్రెట్ సర్వీస్ 2019లో ఇచ్చిన అధ్యయనం ప్రకారం, తుపాకీ వాడిన విద్యార్థుల్లో నలుగురిలో ముగ్గురు దాన్ని తల్లిదండ్రుల ఇంటి నుంచో దగ్గరి బంధువుల ఇంటి నుంచో తెచ్చుకున్నారు. 2021 నవంబర్ 30న మిషిగన్ రాష్ట్రంలోని ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్లో నలుగురు విద్యార్థులు చనిపోయారు. కాల్చిన కుర్రాడి తల్లినీ, తండ్రినీ 2024లో దోషులుగా తేల్చి చెరో 10 నుంచి 15 ఏళ్ల జైలుశిక్ష వేశారు. పిల్లలుండే ఇంట్లో తుపాకీకి తాళం తప్పనిసరి చేస్తూ ఆ రాష్ట్రంలో అదే ఏడాది ఫిబ్రవరిలో చట్టం అమల్లోకి వచ్చింది.

ఇప్పుడు రెండు కేసులూ పక్కపక్కన పెట్టండి. తల్లిదండ్రులకు కనీసం 10 ఏళ్ల జైలు. కారులో పిస్టల్ వదిలేసిన అధికారి విషయంలో మాత్రం ‘సంబంధం చాలా దూరం’. రెండూ ఒకటే అని నేను అనను. ఆ తల్లిదండ్రులు కొడుకు మానసిక స్థితి చెబుతున్న హెచ్చరికలను పట్టించుకోలేదు, తుపాకీ కొనిపెట్టారు కూడా. కానీ శిక్షణ పొందినవాడు, తుపాకీ పట్టుకున్నందుకు జీతం తీసుకునేవాడు, దొంగతనాల గురించి రోజూ వినేవాడు సామాన్యుడి కంటే ఎక్కువ బాధ్యత మోయాలా, తక్కువా? నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది ఇదే.

శాన్‌ఫ్రాన్సిస్కోలో 2007 నుంచే ఒక నిబంధన ఉంది. ఇంట్లో పిస్టల్ ఉంటే ఒంటి మీద ఉండాలి, లేదా తాళం కింద ఉండాలి. దాన్ని సవాలు చేస్తే సుప్రీంకోర్టు 2015 జూన్‌లో జోక్యం చేసుకోనంది. అదే నెలలో, అదే ఊళ్లో, రేంజర్ కారు అద్దం పగిలింది. కారులో వదిలే పిస్టల్‌కు తాళం వేయాలని కాలిఫోర్నియా సామాన్యులకు చెప్పింది, పోలీసులకు మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపు తీసేయడానికి ఒక ప్రాణం పోవాల్సి వచ్చింది. 2016లో జెర్రీ హిల్ అనే సెనేటర్ తెచ్చిన చట్టంతో 2017 జనవరి నుంచి పోలీసులు కూడా తాళం వేయాలి. వేయకపోతే? గరిష్ఠంగా 1,000 డాలర్ల జరిమానా. ఆ చట్టం అమల్లోకి వచ్చిన 2017లోనే, ఆగస్టులో, అదే శాన్‌ఫ్రాన్సిస్కోలో ఓ పోలీసు సొంత కారులోంచి పోయిన తుపాకీతో మరో యువకుడు హత్యకు గురయ్యాడు. అప్పటికే అక్కడి పత్రికలు లెక్క తీస్తే, 2010 నుంచి ఆ ప్రాంతంలోని పోలీసు విభాగాలూ, రాష్ట్రమంతటా కేంద్ర, రాష్ట్ర ఏజెంట్లూ కలిసి పోగొట్టిన తుపాకులు 900కు పైగా తేలాయి. ఆ లెక్క ఏ పోలీసు శాఖా తనంతట తాను ప్రజల ముందు పెట్టింది కాదు. విలేకరులు ఒక్కో ఆఫీసునూ అడిగి రాబట్టింది.

పోలీసు దగ్గర పోతే అంత, సైన్యం దగ్గర పోతే ఇంకెంత? 2021లో అసోసియేటెడ్ ప్రెస్ బయటపెట్టిన వివరాల ప్రకారం అంతకుముందు దశాబ్దంలో అమెరికా సైన్యం నుంచి కనీసం 1,900 తుపాకులు పోయాయి లేదా చోరీ అయ్యాయి. కొన్ని వీధి నేరాల్లో తేలాయి. మన దేశంలో 2023 మేలో మొదలైన మణిపూర్ హింసలో పోలీసు ఆయుధాగారాల నుంచి దాదాపు 6,000 ఆయుధాలు జనం చేతుల్లోకి పోయాయి. 2025 ఫిబ్రవరిలో గవర్నర్ గడువు పెట్టి ‘తిరిగి ఇచ్చేయండి’ అని విజ్ఞప్తి చేస్తే దాదాపు వెయ్యి వచ్చాయి. మూకలు విరుచుకుపడినప్పటి పరిస్థితి వేరని తెలుసు. అయినా ఆ ఆయుధాగారాలకు ఎంత కాపలా ఉంది, ఎవరు ఏ ఆదేశం ఇచ్చారు అన్న జవాబుదారీ ఎవరి పేరు మీద నమోదైంది?

నిజానికి ఇది తుపాకులతో ఆగే జబ్బు కాదు. ప్రభుత్వం దగ్గర భద్రంగా ఉండాల్సినది ఏది పోయినా ఇదే తీరు. అమెరికా జాతీయ భద్రతా సంస్థ ఎన్‌ఎస్‌ఏ తయారు చేసుకున్నదిగా నిపుణులు గుర్తించిన ఒక కంప్యూటర్ ఆయుధం 2017 ఏప్రిల్‌లో దొంగల ద్వారా ఇంటర్నెట్‌లోకి వచ్చింది. నెల తిరక్కుండానే, మే 12న, దాన్ని వాడుకుని వానాక్రై వైరస్ దాదాపు 150 దేశాల్లో కంప్యూటర్లను బంధించింది. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో వేలాది అపాయింట్‌మెంట్లు, ఆపరేషన్లు రద్దయ్యాయి. సైన్యం దగ్గర్నుంచి టోమాహాక్ క్షిపణులు చోరీ కావడంతో దాన్ని పోల్చారు మైక్రోసాఫ్ట్ అధ్యక్షుడు బ్రాడ్ స్మిత్. ఆ పోలిక నాకు సరిగ్గా అనిపిస్తుంది. ఆపరేషన్ వాయిదా పడి టెన్షన్‌తో ఇంటికి వెళ్లిన రోగికి, పియర్ మీద కూలిపోయిన ఆ యువతికి ఒకే అన్యాయం జరిగింది. మా రక్షణ కోసమని చెప్పి దాచిన ఆయుధాన్ని దాచినవాళ్లు కాపాడలేదు. చివరికి ఎవరూ బాధ్యులు కాలేదు.

అందుకే నేను ముందు పోలీసుల దగ్గరే మొదలుపెట్టాలంటాను. తన పిస్టల్ ఎక్కడుందో చెప్పలేని శాఖ, తాళం వేయలేదని ఓ తండ్రి మీద కేసు పెడితే ఆ కేసుకు నైతిక బలం ఉండదు. డ్యూటీ కారుల్లో బిగించిన ఉక్కు పెట్టెలు ఇవ్వండి, అవి పెద్ద ఖర్చు కాదు. సొంత కారులో సర్వీస్ పిస్టల్‌ను ఒక్క రాత్రి కూడా వదలకూడదని రాయండి. వదిలితే జరిమానాతో సరిపెట్టకుండా తుపాకీ పట్టుకునే అర్హతనే వెనక్కి తీసుకోండి. ఆ తర్వాత సామాన్యుడికి కూడా అదే కొలత: తాళం, 48 గంటల్లో ఫిర్యాదు, రెండూ లేకపోతే ఆ తుపాకీతో జరిగిన నష్టంలో వాటా. ఇక ప్రతి పోలీసు శాఖా ఏడాదికోసారి తన వెబ్‌సైట్‌లో ఒక పట్టిక పెట్టాలి. ఎన్ని తుపాకులు పోగొట్టాం, ఎక్కడి నుంచి, తాళం ఉండిందా, ఎన్ని దొరికాయి, దొరికినప్పుడు ఎవరి చేతిలో ఉన్నాయి. మొదటి పట్టిక ఈ ఏడాదిదే కావాలి.